కెమెరా చూడని బూజు



ఫ్రాన్సు దేశములోని బోర్డో ప్రాంతము ద్రాక్షతోటలకు పేరుపొందినది. ద్రాక్షమద్యమును గూర్చి మన సంఘముల అభిప్రాయము మీకు తెలిసినదే. దానిని మెచ్చుకొనుటకు ఇది వ్రాయుటలేదు. ఆ పండ్ల దగ్గర పనిచేయువారి ఊపిరిని గూర్చి వ్రాయుచున్నాము.

2008 ప్రాంతము నుండి అక్కడి కొన్ని పెద్ద తోటలలో పండ్లు ఏరుటకు కొత్త యంత్రములు వచ్చినవి. తొడిమలు తీసిన ద్రాక్షపండ్లు బెల్టుమీద పలుచగా పరచుకొని వేగముగా సాగిపోవును. పైనున్న కెమెరా ప్రతి పండును ఫోటో తీయును. కంప్యూటరు దాని రంగును, ఆకారమును చూచి, కుళ్లినదైతే గాలిని ఊది ప్రక్కకు నెట్టివేయును. ఆకును, పుల్లను కూడ అట్లే తీసివేయును.

అయితే పండుమీది మచ్చను చూచు కెమెరా గాలిలోని ధూళిని చూడదు. తేమ ఎక్కువైన ఏట ద్రాక్షగుత్తులకు బోట్రైటిస్ అను బూడిదరంగు బూజు పట్టును. దాని బీజములు మిక్కిలి సన్ననివి. పండ్లను కుమ్మరించినప్పుడు, కదిలించినప్పుడు అవి గాలిలోకి లేచును. మరల మరల వాటిని పీల్చిన కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చును. వైద్యులు దానిని వైన్‌గ్రోయర్స్ లంగ్ అందురు. పని ముగిసిన కొన్ని గంటలకు జ్వరము, వణుకు, పొడిదగ్గు, ఆయాసము కలుగును. పని మానితే తగ్గును గనుక చాలామంది మామూలు జలుబుజ్వరమనుకొందురు. ఏండ్లు గడచినకొలది ఊపిరితిత్తులు గట్టిపడిపోవచ్చును. అప్పుడు వాటిని మునుపటివలె చేయు మందు లేదు.

మనకు ద్రాక్షతోట లేకపోవచ్చును, గాని గడ్డివాము ఉన్నది. వానకు తడిసి, లోపల వేడెక్కి, ముక్కిన గడ్డిని దులుపువారికిని ఇట్టి జబ్బే వచ్చును. దాని పేరు ఫార్మర్స్ లంగ్.

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడకు పట్టిన పొడను గూర్చి చదువుదుము. యాజకుడు చూడ రాకమునుపే ఇల్లు ఖాళీ చేయవలెను. ఏడు దినములు ఇల్లు మూసియుంచవలెను. పొడ వ్యాపించియుంటే ఆ రాళ్లను ఊడదీసి ఊరి వెలుపల పారవేయవలెను. గోడమీది మచ్చను దేవుడు చిన్న సంగతిగా ఎంచలేదు.

గనుక గడ్డిని బాగుగా ఆరిన తరువాతనే వామి వేయుడి. బూజుపట్టినదానిని మూసిన కొట్టములో దులపవద్దు. తలగుడ్డ చుట్టుకొన్నంత మాత్రమున ఆ ధూళి ఆగదు. మందుల షాపులో దొరకు ఎన్95 మాస్కు మేలు. దగ్గు, జ్వరము మరల మరల వచ్చుచుంటే డాక్టరుగారికి మీరు చేయు పనిని కూడ తప్పక చెప్పుడి. అది చెప్పనిదే ఆయనకు ఈ జబ్బు తట్టకపోవచ్చును.

కూలికి పిలిచినవారికి కూలి ఇచ్చినంతనే మన బాధ్యత తీరదు. వారు పీల్చు గాలిని గూర్చియు మనము ప్రభువునకు లెక్క చెప్పవలసినవారమే.