సైగ ఒకరిది, నింద మరొకరిది

గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టరాదన్నది నియమం. అర్జునుడు తన తొడ చరిచి సైగ చేశాడు. భీముడు దుర్యోధనుని తొడలు విరుగగొట్టాడు. బలరాముడు ఆగ్రహించి నాగలి ఎత్తాడు. శ్రీకృష్ణుడు అనునయించినా శాంతించక, లోకం భీముణ్ణి కపటయోధునిగా చెప్పుకొంటుందని పలికి వెళ్లిపోయాడు. సైగ చేసినవానికి ఆ పేరు రాలేదు.

2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడలలో 4×400 మీటర్ల రిలే స్వర్ణం సాధించిన మన నలుగురు యువతులలో ముగ్గురు, 2011లో నిషిద్ధ ఔషధ పరీక్షలలో పట్టుబడ్డారు. శిక్షకుడిచ్చిన పోషకాలే కారణమని మొరపెట్టుకున్నారు. శిక్షకుణ్ణి తొలగించారు, రెండేళ్ల నిషేధం మాత్రం ఆ బిడ్డలే మోశారు. దేహంలో ఏది దొరికినా బాధ్యత క్రీడాకారునిదేనన్నది నేటి క్రీడాధర్మం. తెలియక తిన్నామన్న మాట శిక్షను తగ్గించవచ్చునేమో గాని, దోషాన్ని తుడిచివేయదు.

కరీంనగర్, ఆదిలాబాద్ సీమల తల్లిదండ్రులారా! బాసర జ్ఞానసరస్వతి సన్నిధిలో బిడ్డ చేత అక్షరాలు దిద్దించిన చేతులతోనే, ఎంపిక పోటీల కోసం పుట్టినతేదీని దిద్దుతున్నామా? ఊరూపేరూ లేని పొడిని పాలలో కలుపుతున్నామా? దైవానికి నివేదించడానికి జంకే పదార్థాన్ని బిడ్డ నోటికి అందించకండి. నిజాయితీగా ఆడి ఓడి వచ్చిన బిడ్డకు గుమ్మంలో హారతి పట్టండి. ఆ ఇంట ధర్మం నిలుస్తుంది.