భయం వేళ వివేకం

తిరువూరు సమీపాన వినగడప వైపు మామిడి రైతు, ధర పడిపోయిన ఏడు తోటను నరికివేయడు. వేరు బాగుంటే మరుసటి కాపుకై వేచి ఉంటాడు. వేరు కుళ్ళిన తోటను ఎంత చౌకగా వచ్చినా కొనడు. షేర్ల మార్కెట్టుకూ ఈ నీతియే వర్తిస్తుంది.

2020 మార్చి 23న కరోనా భయంతో జనం షేర్లను తెగనమ్మగా, సెన్సెక్స్ ఒక్కరోజులో 3,934 పాయింట్లు కోల్పోయి 25,981కి దిగింది. 2021 జనవరిలో అదే సూచీ 50,000 దాటింది. నాడు భయపడి అమ్మినవారు నష్టపోగా, మంచి సంస్థల షేర్లను నిబ్బరంగా కొన్నవారు లాభపడ్డారు.

అట్లని, అందరూ వదిలించుకొనేదెల్లా కొనదగినది కాదు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ లెక్కలు బూటకమని దాని అధిపతి రామలింగరాజు స్వయంగా ఒప్పుకొన్నారు. ఆనాడు 40 రూపాయలకు పడిన షేరు 9వ తేదీకి 24 రూపాయలైంది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా 58 రూపాయల చొప్పున వాటా కొన్నమాట నిజమే. కాని జనవరిలో కొన్నవారికి ఆ సంగతి తెలియదు. వారిని కాపాడినది అదృష్టమే గాని వివేకం కాదు.

మందతో పరుగెత్తడమూ, పంతానికి మందకు ఎదురేగడమూ సమానమైన అవివేకమే. కష్టార్జితాన్ని మదుపు చేయదలచినవారు ముందుగా వేరును పరీక్షించాలి.