జెట్టు బొమ్మ వద్దు, నిదానంగా ఎగిరేది కొనండి

పిల్లలకు రిమోట్ విమానం కొనాలంటే మన ఇళ్ళల్లో ఆ పని నాన్నలకో, మేనమామలకో, బాబాయిలకో వదిలేస్తాం. వాళ్ళేమో యుద్ధవిమానం ఆకారంలో, కోసు ముక్కుతో ఉన్నది తెస్తారు. లేదంటే కెమెరా ఉన్న డ్రోన్. మొదటిది రెండు రోజుల్లో ముక్కలై అటకెక్కుతుంది. రెండోది పక్కింటివాళ్ళతో తగాదా తెస్తుంది. విరిగిన ముక్కలు ఊడ్చేదీ, పక్కింటావిడకు సంజాయిషీ చెప్పుకునేదీ మనమే కదా? మరి ఎంచుకునే పని కూడా మనమే చేద్దాం. కొట్లో ఉన్నవాటిల్లో తేలికైనదీ, అన్నిటికంటే నిదానంగా ఎగిరేదీ, చూడ్డానికి అంత గొప్పగా లేనిదీ అడిగి కొందాం.

"నిదానంగా ఎగరడానికి విమానమెందుకు వదినా, గాలిపటం చాలదా?" అన్నాడు మా మరిది. వేగంలోనే గొప్ప ఉందనుకునేవాళ్ళందరి మాటా ఇదే. అందుకే ఈ లెక్క.

గంటకు 18 కిలోమీటర్లు అంటే సెకనుకు 5 మీటర్లు. 50 మీటర్ల మైదానం దాటడానికి చిన్న నిదానపు విమానానికి 10 సెకన్లు పడుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేది అదే మైదానాన్ని రెండున్నర సెకన్లలో దాటేస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లకు ఆ రెండున్నర సెకన్లలో ఏం తోస్తుంది? పైగా విమానం మనవైపు తిరిగి వస్తున్నప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి. పుల్ల కుడికి తిప్పితే అది మన ఎడమకు పోతుంది. ఇది బుర్రకెక్కడానికి ఎవరికైనా కొంత సమయం పడుతుంది. ఆ సమయమిచ్చేది నిదానపు విమానమే. వేగంగా పోయేదాన్ని ముందు పెడితే పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, "నాకు రాదు" అనుకోవడం.

ఇక దెబ్బ సంగతి. అదే రెక్క మీద బరువు నాలుగింతలు చేస్తే, అది గాల్లో నిలవడానికి రెండింతల వేగం కావాలి. వేగం రెండింతలైతే గుద్దుకునే శక్తి నాలుగింతలవుతుంది. బరువు కూడా నాలుగింతలు కాబట్టి మొత్తం పదహారింతలు. మైదానంలో ఆడుకునే పసివాడి ముఖానికి తగిలేది ఏదైతే నయమో మీరే చెప్పండి. రేకు మూతా విస్తరాకూ మేడ మీంచి పడితే ఏది మెల్లగా దిగుతుందో మనకు తెలుసు. వెడల్పాటి రెక్క, తక్కువ బరువు. నిదానపు విమానం రహస్యం ఇంతే.

కొట్లో ఏం అడగాలో కూడా చెప్తాను. రెక్క ఒడ్డుకు పైన ఉండాలి, రెండు కొసలూ కాస్త పైకి లేచి ఉండాలి. అలాంటి విమానం పక్కకు ఒరిగినా పుల్ల వదిలేస్తే చాలావరకు తనే సర్దుకుంటుంది. యుద్ధవిమానం ఆకారానికి ఆ ఓపిక ఉండదు. ఛానెళ్ళు మూడు ఉండాలి: మోటారు వేగానికి ఒకటి, కుడిఎడమలకు ఒకటి, ముక్కు ఎత్తడానికీ దించడానికీ ఒకటి. రెండు మోటార్ల తేడాతో తిరిగే రెండు ఛానెళ్ళ బొమ్మలు చవగ్గా దొరుకుతాయి కానీ, వాటికి ముక్కు ఎత్తే ఏర్పాటు ఉండదు. పైకి వెళ్ళాలంటే మోటారు పెంచడమొక్కటే దారి. ఒళ్ళు థర్మోకోల్‌ది కాకుండా, వంచితే వంగి మళ్ళీ సాగే ఈపీపీ ఫోమ్‌దైతే మేలు. థర్మోకోల్ పుటుక్కున విరుగుతుంది. పంకా రెక్క వెనక్కి ఉంటే ముక్కు నేలకు గుద్దుకున్నా అది విరగదు. విడి పంకాలూ, విడి బ్యాటరీ దొరుకుతాయా అని డబ్బు ఇవ్వకముందే అడగండి. అవి దొరకని విమానం ఎంత చవకైనా దండగే.

బ్యాటరీ విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. వీటిలో వాడేది లిథియం పాలిమర్ బ్యాటరీ. దాని ఛార్జరుతోనే, మనిషి దగ్గర ఉండగానే ఛార్జి పెట్టాలి. పరుపు మీదా, రాత్రి నిద్రలోనూ పెట్టకూడదు. ఉబ్బిందంటే ఇక వాడొద్దు. చిన్న విమానానికి చిన్న బ్యాటరీ చాలు, ప్రమాదం కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఇప్పుడు కెమెరా డ్రోన్ గురించి. మన పాతబస్తీ ఇళ్ళు ఎలా ఉంటాయో తెలిసిందే. శాలిబండలోనైనా, లాల్ దర్వాజాలోనైనా, మొగల్‌పురాలోనైనా గోడకు గోడ, మేడకు మేడ. ఆడవాళ్ళకు ఎండా గాలీ దొరికేది ఆ మేడ మీదే. అక్కడ బట్టలారేస్తాం, వడియాలు పెడతాం, తల ఆరబెట్టుకుంటాం. పక్క మేడ మీద ఖాలాజాన్ బుర్ఖా తీసి కాసేపు కూర్చుంటుంది. ఆ చోటు మీదికి కెమెరా పంపించేవాడు పిల్లాడే కావచ్చు, ఆట కోసమే కావచ్చు. అయినా ఆ మేడ ఆవిడకు మళ్ళీ మునుపటిలా ఉండదు. పైగా ఆ డ్రోన్‌తో పిల్లలు నేర్చేదీ తక్కువే. చాలావాటిలో పుల్లలు వదిలేస్తే అదే గాల్లో నిలబడుతుంది. గాలిని అర్థం చేసుకునే పని యంత్రానిది, చూసే పని పిల్లాడిది.

గాలిని అర్థం చేసుకోవడం మన పిల్లలకు కొత్త కాదు. ధూల్‌పేట గాలిపటాలతో పెరిగినవాళ్ళు. ఏ వేళ గాలి ఎటు తిరుగుతుందో పెద్దవాళ్ళకంటే వాళ్ళకే బాగా తెలుసు. సంక్రాంతికి మేడ అంచు మీద వెనక్కి నడుస్తూ పడిపోయిన పిల్లల సంగతులు కూడా ఏటా వింటూనే ఉన్నాం. కాబట్టి విమానం మేడ మీంచి వద్దే వద్దు. తీగలు అడ్డం ఉన్న గల్లీలో వద్దు. గాలిపటాల రోజుల్లో అసలే వద్దు, మాంజా రెక్కను కోసేస్తుంది. పొద్దున్నే గాలి కదలని వేళ బడి మైదానం చాలు. తెలిసినవాళ్ళ ఫంక్షన్ హాలు పగలు ఖాళీగా ఉంటే, ఫ్యాన్లు ఆపి, అరచేతిలో పట్టేంత విమానాన్ని లోపలే ఎగరేయవచ్చు. జెట్టు బొమ్మకు ఆ సౌకర్యం ఎక్కడిది?

చట్టమూ చూసుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటనివి నానో తరగతి, వాటిని ఎగరేయడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతమాత్రాన ఎక్కడపడితే అక్కడ ఎగరేయకూడదు. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేనిదే కుదరదు. మనకు దగ్గర్లోనే కంచన్‌బాగ్‌లో రక్షణ సంస్థలున్నాయి. అందుకని కొనేముందే డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ మైదానం ఏ రంగులో ఉందో చూడండి.

ఎదుటివాళ్ళ మాటలోనూ నిజం లేకపోలేదు. చిన్న విమానం గాలికి ఆగదు. పది కిలోమీటర్ల గాలి వీచినా ఎదురెక్కలేక అవస్థ పడుతుంది. కొన్నాళ్ళకు పిల్లలకు అది చాలకుండా పోతుంది కూడా. చాలకపోతే మంచిదే కదా, నేర్చుకున్నారన్నమాట! అప్పుడు పెద్దది కొనండి. మూడు చక్రాల సైకిలు చాలలేదని ఎవరూ బాధపడరు.

అసలు విమానాలు నడిపేవాళ్ళు ఎలా మొదలుపెడతారో చూడండి. ఫ్లయింగ్ స్కూళ్ళలో మొదట చేతికిచ్చేవాటిలో పేరున్నది సెస్నా, పైన రెక్క, ముందు పంకా. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో రేపు సుఖోయ్ నడపబోయేవాళ్ళకు కూడా మొదట ఇచ్చేది పంకా ఉన్న పిలాటస్. దేశం వాళ్ళను నిదానంగా మొదలుపెట్టమంటుంటే, తొమ్మిదేళ్ళ పిల్లకు మనం జెట్టు కొనిపెట్టడం ఏం న్యాయం?

పిల్ల అని కావాలనే అన్నాను. "విమానం అబ్బాయికి, వంటసామాను అమ్మాయికి" అనే పంపకం మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్. ఆమెకు ఉద్యోగమిచ్చింది మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్. మన పాతబస్తీలోనే బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా కమర్షియల్ పైలట్ అయింది. ఇక రైట్ సోదరుల ఇంట్లో పనిముట్లు పట్టి పిల్లలకు బొమ్మలు చేసిపెట్టింది తల్లి సుసాన్. విమానం మగవాళ్ళ వ్యవహారమని మనకెవరు చెప్పారు?

ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగ్ అంటూ పిల్లలను తరిమే ఊరిది. బొమ్మల్లో కూడా అదే తొందర ఎందుకు? పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈసారి పుట్టినరోజుకు ఇంట్లో ఎవరైనా విమానం కొంటానంటే, వెంట మీరూ వెళ్ళండి. డబ్బా మీది బొమ్మ చూడొద్దు, బరువెంతో చదవండి. "దీనికంటే నిదానంగా ఎగిరేది లేదా?" అని అడగండి. కొట్టువాడు నవ్వితే నవ్వనీయండి.