దాత వెళ్లిపోయాక ఊళ్లో మిగిలేదేమిటి?

2024 జనవరిలో వరల్డ్ విజన్ ఇండియా విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్‌ను కేంద్ర హోంశాఖ రద్దు చేసింది. 2017లో కంపాషన్ ఇంటర్నేషనల్ దేశంలో దుకాణం సర్దేసుకుంది. అప్పటికి దాని సాయం అందుకుంటున్న పిల్లలు దాదాపు లక్షన్నర. క్రైస్తవ సేవా సంస్థల గురించి ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మతమార్పిడి మీదే వాదులాట. పీడ వదిలిందని ఒకరు, సేవకు సంకెళ్లని ఇంకొకరు. డబ్బు ఆగిన మర్నాడు ఊరి గతేమిటన్నది ఎవరికీ పట్టదు.

దాత వెళ్లాకా నిలిచినదానికి ఉదాహరణ మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ ఆధ్వర్యంలో, ఎవరికి వారుగా పనిచేసే ప్రొటెస్టెంట్ మిషన్లు కొన్ని చేతులు కలిపి వందేళ్ల కిందట అక్కడ క్షయ ఆస్పత్రి పెట్టాయి. రెండు వేల అడుగులు దాటిన ఎత్తు, పొడిగాలి. మందు లేని జబ్బుకు ఆనాడు గాలి, తిండి, విశ్రాంతే వైద్యం. ఆ డాక్టరు కుమారుడు యొహానెస్ హయాంలో, 1950లో, చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకా మీద అధ్యయనం మొదలైంది. ముంజేతికి సూది వేయడం, రోజుల తర్వాత మళ్లీ అదే ఇంటి తలుపు తట్టి వాపును మిల్లీమీటర్లలో కొలవడం, ఏళ్ల తరబడి వాళ్లనే గమనించడం. ఫలితాలు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. ఆ ఆస్పత్రి వెనుకా ఉన్నది విదేశీ సొమ్మే. మిషన్ ఆస్పత్రిలో ప్రార్థన లేకుండా ఉంటుందా! అయినా పరదేశి డాక్టర్లు పోయాక ఆస్పత్రి పోలేదు. నర్సులను తయారుచేసే పని కూడా అక్కడ సాగుతోంది.

పిల్లల స్పాన్సర్‌షిప్ దారి వేరు. కొరియా యుద్ధకాలంలో అనాథల కోసం వరల్డ్ విజన్ 1953లో మొదలుపెట్టిన పద్ధతి అది. దూరదేశపు దాతకు ఒక బిడ్డ ఫొటో, ఏడాదికో ఉత్తరం అందుతాయి. తర్వాత ఆ డబ్బును ఊరుమ్మడి పనులకు మళ్లించడం నేర్చుకున్నారు, నిజమే. కానీ దాత మనసు కరిగించేది మాత్రం ఇప్పటికీ ఆ ఫొటోయే. కుప్పం యువకుడు కూలికి బెంగళూరు రైలెక్కుతున్నాడు. పుంగనూరు రైతు బోరు మీద బోరు వేసి అప్పులపాలవుతున్నాడు. ఈ కష్టం ఏ ఫొటోలో పడుతుంది?

అలాగని ప్రభుత్వాన్ని వెనకేసుకు రాలేం. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి కుదించింది. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదంది. పెద్ద సంస్థ ఎలాగో నెట్టుకొస్తుంది. దాని మీద ఆధారపడి తాలూకా స్థాయిలో పనిచేసే చిన్న సంస్థకే ఊపిరాడదు. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులున్నాయి కదా అంటారు. 2013 కంపెనీల చట్టం స్థానిక ప్రాంతానికే ప్రాధాన్యమివ్వమంది. ఫ్యాక్టరీ లేని మండలానికి అది ఎండమావే.

తప్పు చేసిన సంస్థపై చర్య తీసుకోవాల్సిందే. అయితే రద్దు ఉత్తర్వుతో పాటే కారణాలు జనం ముందు పెట్టాలి. నడుస్తున్న వైద్యం, చదువు బాధ్యతను ఫలానా శాఖ ఫలానా తేదీ నుంచి తీసుకుంటుందని అందులోనే రాయాలి. సంస్థలు కూడా ఊళ్లో అడుగుపెట్టిన రోజే ఎప్పుడు వెళ్తారో, ఎవరికి అప్పగిస్తారో గ్రామసభలో చెప్పాలి. అది అడిగి తెలుసుకునే హక్కు పుంగనూరుకూ కుప్పానికీ ఉంది.