గురువుల తగువులో తెగిన స్నేహాలు

2023 డిసెంబరు 11న వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు చేసే సందీప్ మహేశ్వరి పెద్ద మోసాన్ని బయటపెడుతున్నానంటూ యూట్యూబ్‌లో ఒక వీడియో పెట్టారు. అందులో ఇద్దరు కుర్రాళ్లు తమ గోడు వెళ్లబోసుకున్నారు. పేరున్న ఒక యూట్యూబర్ దగ్గర వ్యాపారం నేర్పే కోర్సు కొన్నామని, ఒకరు 50,000, ఇంకొకరు 35,000 రూపాయలు కట్టామని, తీరా చేరాక తమకు మిగిలిన పని అదే కోర్సును ఇంకొకరికి అంటగట్టడమేనని వాళ్లు చెప్పారు. ఆ యూట్యూబర్ పేరు వీడియోలో లేదు. కానీ వివేక్ బింద్రా తానే ముందుకొచ్చి బదులిచ్చారు. తన సంస్థ ‘బడా బిజినెస్’ మీద వచ్చిన ఆరోపణలను ఖండించారు. వీడియో తీసేయాలని తన మీద ఒత్తిడి తెస్తున్నారని మహేశ్వరి అన్నారు. ఒకప్పుడు స్నేహితులైన ఇద్దరు కోట్లమంది కళ్లముందు బద్ధశత్రువులైపోయారు.

హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలకు ఈ ఇద్దర్నీ పరిచయం చేయనక్కర్లేదు. మహేశ్వరి ఢిల్లీవాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి, కెమెరా పట్టుకుని, 2006లో ‘ఇమేజెస్ బజార్’ పేరుతో ఫొటోలు అమ్మే సంస్థ పెట్టారు. ‘ఆసాన్ హై’ (తేలికే) అన్న ఆయన ఊతపదం హాస్టల్ గోడల మీదికీ ఎక్కింది. ప్రసంగాలకు డబ్బు తీసుకోనని, ఛానల్ మీద సంపాదించనని చెప్పుకుంటారు. బింద్రా ఎంబీఏ చదివినవారు. కొన్నాళ్లు బృందావనంలో ఆశ్రమ జీవితం గడిపి వచ్చానని చెబుతారు. గీతనూ వ్యాపారాన్నీ కలిపి బోధిస్తారు. ‘పది రోజుల ఎంబీఏ’ ఆయన ప్రచారమే. చెరో రెండు కోట్లకు పైగా సబ్‌స్క్రైబర్లున్న ఈ ఇద్దరూ కొట్టుకుంటుంటే, చూసేవాళ్లు రెండు జట్లుగా చీలిపోయారు. ఎవరు నిజాయతీపరుడు, ఎవరు అసూయాపరుడు అన్న చర్చ వారాల తరబడి నడిచింది. అదే నెలలో గృహహింస ఆరోపణలపై నోయిడా పోలీసులు బింద్రా మీద కేసు పెట్టడంతో టీవీలన్నీ అటు తిరిగాయి. ఆ ఆరోపణ చిన్నది కాదు, నిజానిజాలు తేల్చడానికి కోర్టులున్నాయి. కానీ ఆ సందట్లో 50,000, 35,000 కట్టిన కుర్రాళ్ల ఊసెత్తినవాళ్లు లేరు.

నన్ను బాధపెట్టేది అదే. ఇద్దరు పెద్దమనుషుల స్నేహం చెడితే నెల రోజులు మాట్లాడుకున్నాం. ఇలాంటి కోర్సుల వల్ల ఊరూరా తెగిపోయే మామూలు స్నేహాల గురించి ఒక్కరోజు కూడా మాట్లాడుకోలేదు.

మా బంధువుల్లో ఒక అబ్బాయి ఉన్నాడు. ఇంజినీరింగ్ అయ్యాక ఇలాంటిదే ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాడు. ఉచిత వెబినార్‌తో మొదలైంది. రెండు గంటల ఉపన్యాసం, చివర్లో కొట్టేసిన పెద్ద ధర, దాని కింద చిన్న ధర, పక్కనే సెకన్లు తగ్గిపోతున్న గడియారం. మర్నాడు ఒకమ్మాయి ఫోన్ చేసి ‘బ్రో, మీ మీద మీకు నమ్మకం లేదా?’ అని అడిగిందట. ఈఎంఐలో కట్టాడు. మొదటి వారం పాఠం ఏమిటో తెలుసా? ఒక నోట్‌బుక్ తీసుకుని తెలిసినవాళ్ల పేర్లు రాయడం. ఆ నోట్‌బుక్ నేను చూశాను. పెద్దమ్మ కొడుకు, టెన్త్‌లో లెక్కల మాస్టారు, రూమ్మేట్లు, క్రికెట్ జట్టు, కిరాణా కొట్టు బాబాయి. ఒక్కో పేరు ఎదురుగా ‘హాట్’, ‘వార్మ్’, ‘కోల్డ్’ అని గుర్తులు. లెక్కల మాస్టారి పేరు పక్కన ‘వార్మ్ — రిటైర్మెంట్ డబ్బు వచ్చింది’ అని రాసుకున్నాడు. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు. ఆ మాస్టారంటే వాడికి ప్రాణం. ఇరవై రెండేళ్ల కుర్రాడి చేత ఆ మాట రాయించిన చదువు ఎలాంటిదో తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది.

ఫీజు తీసుకోవడం తప్పని నేననను. ఈ గొడవలో చాలామంది ‘ఆయన ఉచితంగా చెబుతాడు, ఈయన డబ్బు గుంజుతాడు’ అన్న తూకం వేశారు. ఆ తూకం సరికాదు. సంగీతం నేర్పినా, టైపు నేర్పినా ఫీజు తీసుకుంటారు. బింద్రాకైనా ఇంకెవరికైనా ఆ హక్కుంది. ఉచితంగా చెప్పేవారికి కూడా కీర్తి రూపంలో, పలుకుబడి రూపంలో ముట్టేది ముడుతూనే ఉంటుంది. అసలు ప్రశ్న వేరు. నేర్చుకున్నవాడికి వచ్చే డబ్బు నేర్చుకున్న విద్య వల్ల వస్తోందా, ఇంకొకణ్ణి చేర్చడం వల్ల వస్తోందా? రెండోదైతే అక్కడ విద్య లేదు, గొలుసు ఉంది. ఆ కుర్రాళ్లిద్దరూ మైకు పట్టుకుని చెప్పిందీ సరిగ్గా ఈ సంగతే. వాళ్లకు మైకు ఇచ్చినందుకు మహేశ్వరిని మెచ్చుకుంటాను. ఆ తర్వాత అది ఇద్దరు ప్రముఖుల పౌరుషాల పోరుగా మారిపోయినందుకు ఆయననూ తప్పుపడతాను.

మన దగ్గర వ్యక్తిత్వ వికాసమంటే చాలాకాలం పుస్తకమే. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ కొన్నవాడు చదివితే చదివాడు, లేకపోతే అటక మీద పడేశాడు. నచ్చితే స్నేహితుడికి ఊరికే ఇచ్చాడు. అది తిరిగి రాకపోయినా స్నేహం చెడలేదు. ఇప్పుడు స్నేహితుడే మార్కెట్.

గొలుసుకట్టు మనకు కొత్త కాదు. కొత్తగా వచ్చిందల్లా దానికి చదువు వేషం కట్టడం. అదీ మరీ కొత్తేం కాదు. నోయిడాలోని ‘ఈబిజ్’ సంస్థ ఆన్‌లైన్ కంప్యూటర్ పాఠాల ప్యాకేజీని అమ్మింది. కొన్నవాళ్లు ఇంకొందరిని చేర్పిస్తే కమీషన్. తెలంగాణలో కాలేజీ పిల్లలు ఎందరో అందులో ఇరుక్కున్నారు. 2019లో సైబరాబాద్ పోలీసులు ఆ సంస్థ అధిపతిని అరెస్టు చేశాకే చాలామంది తల్లిదండ్రులకు విషయం తెలిసింది. పోలీసులు ప్రయోగించిన చట్టాల్లో 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం ఒకటి. 2014లో కర్నూలు పోలీసులు డైరెక్ట్ సెల్లింగ్ సంస్థ ఆమ్వే ఇండియా అధిపతిని అరెస్టు చేసినప్పుడు కూడా ఆ చట్టం పేరు మారుమోగింది. 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పథకాలను సూటిగా నిషేధించాయి. చేరడానికి రుసుము అడగకూడదనీ చెప్పాయి. అంటే చట్టాలకు కొదవ లేదు. కానీ కోర్సు ఫీజు అనే పేరు తగిలిస్తే చాలు, ప్రవేశ రుసుము అందులో కలిసిపోయి కనిపించకుండా పోతుంది.

షేర్‌మార్కెట్ పాఠాలు చెప్పేవాళ్ల మీద కనీసం సెబీ ఉంది. 2023 అక్టోబరులో ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో పాఠాల ముసుగులో సలహాలు అమ్మిన వ్యక్తిని 17 కోట్ల రూపాయలకు పైగా జమ చేయాలని అది ఆదేశించింది. వ్యాపారం నేర్పిస్తాం, జీవితం మార్చేస్తాం, నెలకు లక్షలు సంపాదించేలా చేస్తాం అనేవాళ్లను అడిగే సెబీలాంటి సంస్థ ఏదీ లేదు. అందుకే మోసపోయామనుకున్న కుర్రాడు ఒక గురువు మీద ఫిర్యాదు చేయడానికి ఇంకో గురువు గుమ్మం తొక్కాల్సి వచ్చింది. ఈ గొడవ మొత్తంలో నాకు అన్నిటికంటే దారుణంగా తోచింది ఇదే. ఆ రెండో గురువుకు కోట్లమంది అభిమానులు లేకపోయినా, లేదా పాత స్నేహం పాడవుతుందని ఆయన మొహమాటపడినా, ఆ కుర్రాళ్ల మాట మనదాకా వచ్చేదే కాదు.

ఈ దేశంలో కుర్రవాళ్లకు డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. ఇంట్లో అడిగేవాళ్లున్నారు, బయట పిలిచేవాళ్లు లేరు. ఆ ఖాళీలోనే ఈ కోర్సుల వ్యాపారం నడుస్తోంది. నువ్వు గెలవకపోతే అది నీ లోపమే అని ముందే నూరిపోస్తారు కాబట్టి, డబ్బు పోయినవాడు మోసపోయానని కూడా అనుకోడు. తనకు పట్టుదల చాల్లేదనుకుంటాడు. తాను చేర్పించిన స్నేహితుడి ముఖం చూడలేక ఊరికి రావడం మానేస్తాడు. మా బంధువుల అబ్బాయి తాను చేర్పించిన రూమ్మేటు ఫోన్ నంబరును బ్లాక్ చేశాడు. వాడి డబ్బు వాడికి తిరిగి ఇద్దామంటే తన దగ్గరే లేదు.

అలాంటివాళ్లు వీడియో పెట్టే గురువు కోసం ఎదురుచూడనక్కర్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. కోర్సు అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, నోయిడాలో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. డబ్బు కట్టిన రసీదు, వెబినార్ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్‌లో వాళ్లిచ్చిన హామీలు చెరిపేయకుండా దాచిపెట్టుకోండి. మీరు చేర్పించిన స్నేహితుణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, అతని ఫిర్యాదు కూడా అదే రోజు ఇవ్వండి.