దొమ్మకు రెండు పేర్లు

జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో మేతకు వెళ్లిన గొర్రె హఠాత్తుగా కూలి, ముక్కునుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారితే కాపరి దానిని దొమ్మరోగమంటాడు. దానిని కోసిన చేతిపై నొప్పిలేని పుండు లేచి, నడుమ నల్లని పక్కు కడితే వైద్యుడు ఆంత్రాక్స్ అని వ్రాస్తాడు. గ్రీకుభాషలో ఆ మాటకు బొగ్గు అని అర్థం. ఆ పక్కు నలుపే పేరుకు మూలం. రెండూ ఒకే రోగం. ప్రమాదమంతా ఈ పేర్ల ఎడబాటులోనే ఉందని నా అభిప్రాయం.

దొమ్మ పశువుల జబ్బు గదా, మనకేమని చచ్చిన జీవాన్ని కోసి పోగులు వేసి పంచుకుంటారు. నష్టపోయిన కాపరికి ఆ నాలుగు డబ్బులే దిక్కు, అతనిని నిందించలేను. కానీ కోసిన కళేబరానికి గాలి తగిలితే క్రిములు బీజరూపం ధరించి మట్టిలో దశాబ్దాలపాటు జీవిస్తాయి. దానిని కోయకుండా కాల్చాలి, లేదా లోతుగా పూడ్చాలి. 1881లో లూయీ పాశ్చర్ టీకాను నిరూపించినది గొర్రెలపైనే. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉన్నది.

ఆసుపత్రి చీటీపై ఆంత్రాక్స్ ప్రక్కన దొమ్మ అని కూడా వ్రాయాలని నా వాదన. మేము వైద్యులం గొర్రెల సంగతి అడగడం అరుదు. అటువంటి పుండు లేస్తే మీరే ముందుగా చెప్పండి. తొలిదశలో యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది.