మండలం గడిలో మండలం పేరే ఉండాలి

తోటి ప్రోగ్రామర్లారా, టెస్టర్లారా!

రైతుల జాబితా తెరిచిన గుమాస్తాకు కావలసింది పేరు, ఊరు, మండలం. మనం చూపిస్తున్నదేమిటి? మండలం గడుల్లో పైనుంచి కిందిదాకా ‘ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్’. రైతు రికార్డులో చిరునామా, అందులో మండలం, దాని లోపల పేరు ఉంటాయి. టేబుల్‌కు మనం పై పొర చెప్పి ఊరుకున్నాం. జావాస్క్రిప్ట్ తనకు చేతనైన మాట రాసింది.

హడావుడిలో అందరం వేసే అతుకు ఒకటుంది. డేటా రాగానే లూప్ తిప్పి, లోపలి పేరును బయటికి లాగి కొత్త ఫీల్డులో పెట్టేయడం. నేనూ వేశాను. ఫారంలో మండలం మార్చాక కూడా టేబుల్లో పాత పేరే కూర్చుంది. ఒకే సంగతిని రెండుచోట్ల దాస్తే అంతే మరి.

ఆ అతుకులు మానేద్దాం. డేటాటేబుల్స్‌లో, యీ (Yii) 2 గ్రిడ్‌వ్యూలో కాలమ్‌కు చుక్కలతో దారి రాస్తే లోపలి విలువ వస్తుంది. జాంగో అడ్మిన్ జాబితాలోనూ 2024లో వచ్చిన 5.1 నుంచి రెండేసి అండర్‌స్కోర్లతో సంబంధిత ఫీల్డును నేరుగా రాయొచ్చు.

పేరు కనిపించగానే పని అయిపోదు. ఆంగ్యులర్ మెటీరియల్ టేబుల్ మామూలుగా పై పొరలోనే వెతుకుతుంది. శీర్షిక నొక్కితే వరుస సరిగా మారదు, మండలం పేరు కొడితే రైతు దొరకడు. నమ్మకపోతే వెతుకు పెట్టెలో ఇంగ్లిష్‌లో ‘ఆబ్జెక్ట్’ అని కొట్టండి, చిరునామా ఉన్న రైతులందరూ దిగిపోతారు! సార్టింగ్ డేటా యాక్సెసర్, ఫిల్టర్ ప్రెడికేట్ మనమే రాయాలి.

సర్వర్ సంగతి ఇంకా ఘోరం. జాంగోలో పేజీకి 50 మంది రైతులనుకోండి. జాబితాకు 1 క్వెరీ, చిరునామాలకు 50, మండలాలకు 50, మొత్తం 101. సెలెక్ట్ రిలేటెడ్‌లో మండలం దాకా దారి రాస్తే అదే పని 1 క్వెరీతో అవుతుంది. ‘సర్వర్ స్లో’ అని విసుక్కునే ముందు ఆ లెక్క చూసుకోవద్దా?

చిరునామానే నమోదు కాని రైతు కూడా ఉంటాడు. అతని ఒక్క వరుస కోసం టేబుల్ మొత్తం కూలిపోకూడదు. ప్రశ్నార్థకం పక్కన చుక్క పెట్టే సదుపాయం 2020 నుంచీ జావాస్క్రిప్ట్ ప్రమాణంలోనే ఉంది, వాడండి. ఆ గడిలో ఒక గీత చాలు.

వచ్చే రివ్యూలో చిరునామా లేని రైతును ఒకరిని డేటాలో పెట్టండి. మండలం శీర్షిక నొక్కండి, మండలం పేరుతో వెతకండి, క్వెరీలు లెక్కపెట్టండి. అప్పటిదాకా ‘ఓకే’ అనకండి.